ఇటలీ పురపాలక ఎన్నికలు: రెండవమారు ఓటు వేయుట ఏల?

మన చరిత్ర పాఠములలో రోము నగరము వచ్చినంత తఱచుగా మఱి యే విదేశ నగరమును రాదు. సీజరు హత్య, అగస్టసు వైభవము, ఆ మీదట మాజినీ, గారిబాల్డీల స్వాతంత్ర్య సమరము మన విద్యార్థులకు కంఠస్థములు. కాని ఆ రోము నగరమున నేడు వీధు లూడ్పించువా రెవరు, పాఠశాలల కప్పులు బాగుచేయించువా రెవరు, వారిని ప్రజ లెట్లు ఎన్నుకొందురు అని యడిగినచో పై తరగతులవారు సైతము నిరుత్తరు లగుదురు. ఇది వారి దోషము గాదు. చరిత్ర పుస్తకములు రాజులతో మొదలై యుద్ధములతో ముగియుచుండుటయే దీనికి కారణము. రాజ్యముల కథలు తెలిసికొనుట మంచిదే. అయినను సామాన్యుడు ప్రభుత్వమును దినదినము చూచునది తన వీధి కొళాయి యొద్దను, దీపస్తంభము క్రిందను, మురుగుకాలువ ప్రక్కను గదా! కావున ఒక దేశపు ప్రజలు తమ పురపాలకులను ఎన్నుకొను రీతిని పరిశీలించుట ఆ దేశమును ఎఱుగుటకు దగ్గఱి త్రోవ.

ఇటలీలో సుమారు 7,900 పురపాలక సంఘములు కలవు. లక్షల జనముగల మహానగరమైనను, కొండకొమ్మున నున్న కుగ్రామమైనను వాని కన్నిటికిని "కొమ్యూనె" అని యొకటే పేరు. వాని యధ్యక్షునకు "సిందాకొ", అనగా మేయరు, అని యొకటే బిరుదు. 1993 నుండి ఈ మేయర్లను ప్రజలే నేరుగా ఎన్నుకొనుచున్నారు. పెద్ద పట్టణములలో ఎవరికిని సగమునకు మించి ఓట్లు రానిచో, మొదటి యిద్దఱి నడుమ రెండు వారములకు మఱల ఎన్నిక జరుగును. ఈ రెండవ ఓటును తగ్గింపవలెననియు, నూటికి 40 ఓట్లు వచ్చి యగ్రస్థానమున నిలిచినవారిని మొదటిమారే గెలిచినట్లు ప్రకటింపవలెననియు ఇటీవలి సంవత్సరములలో ఆ దేశమున కొన్ని పక్షములవారు ప్రతిపాదించియున్నారు. ఈ ప్రతిపాదన మేలైనది కాదనియు, ఆ నగరములకు పట్టిన రోగము వేఱనియు నా యభిప్రాయము. అందులకు కారణములను ఈ వ్యాసమున మనవి చేసెదను. ఇది దూరదేశపు తగవు గదా, మనకేల అనుకొనవలదు. ఓటు ఎట్లు లెక్కింపబడునను ప్రశ్న, మనుష్యుడు ఎట్లు లెక్కింపబడునను ప్రశ్నకు మిక్కిలి సమీపమున నున్నది.

ముందుగా కొంత పూర్వచరిత్ర తెలియవలెను. మధ్యయుగమున ఉత్తర ఇటలీ నగరములు పెక్కు తమ్ము తామే పాలించుకొనెను. పన్నెండవ శతాబ్ది చివరి భాగమునుండి అనేక నగరములు ఒక వింత పద్ధతి నవలంబించెను. ఊరిలోని వంశముల కలహములు తీఱనందున, పరాయి నగరమునుండి యొకనిని పిలిపించి, కొలదికాలమునకు మాత్రమే అధికార మిచ్చి, న్యాయము నడుపుమని కోరెడివారు. అతనికి "పొదెస్తా" అని పేరు. నూతన ఇటలీ రాజ్య మేర్పడిన పిదప, 1865 నాటి చట్టముచే మేయరును రాజే నియమించెను. క్రమముగా, 1889 నుండి పెద్ద పట్టణములలోను, 1896 నుండి ఎల్ల ఊళ్లలోను, సభ్యులే మేయరు నెన్నుకొను హక్కు కలిగెను. ఈ పద్ధతిని 1907లో రోము నగరమునకు మేయరైన ఎర్నెస్తో నాథను లండనున పుట్టినవాడు, యూదుడు. పోపుల పట్టణమని పేరొందిన నగరమునకు అట్టివాడు పెద్దయై 1913 వరకు పాలించెననిన, ఎన్నిక యనునది ఎంతటి పాత గోడలనైన దాటగలదో తెలియుచున్నది.

ఈ స్వేచ్ఛ నిలువలేదు. ముస్సోలిని ప్రభుత్వము 1926లో పురపాలక ఎన్నికలను రద్దుచేసి, ప్రతి యూరికిని రాజాజ్ఞచే ఒక అధికారిని నియమించి, అతనికి ఆ పాత "పొదెస్తా" పేరే పెట్టెను. సభ్యులు లేరు, చర్చ లేదు, ఓటు లేదు. చదువరులు ఇచ్చట నొక విషయము గమనింపవలెను. దేశమున నియంతృత్వము నెలకొల్పదలచినవాడు పార్లమెంటును బంధించి యూరకుండలేదు; కుగ్రామపు సభాగృహమునకు సైతము తాళము వేసెను. చిన్న యూరి సభలో మాటాడుట నేర్చినవాడు పెద్ద సభలో మాటాడకుండునా యని యతని భయము. నియంతలు భయపడిన వస్తువును మనము చులకనగా చూడరాదు.

యుద్ధానంతరము 1946 మార్చి 10వ తేదీన పురపాలక ఎన్నికలు మఱల మొదలయ్యెను. రాజరికము వలెనా, గణరాజ్యము వలెనా యని తేల్చిన సుప్రసిద్ధమైన జూను 2 నాటి ఓటు ఆ తరువాతిది. అనగా ఇటలీ స్త్రీలు మొట్టమొదట ఓటు వేసినది తమ యూరి వ్యవహారములకే. ఆ యేడే సార్డీనియా దీవిలోని బొరుట్టా గ్రామమున నినెత్తా బర్తోలియు, మార్కె ప్రాంతమున మాస్సా ఫెర్మానాలో ఆదా నాతాలియు మేయర్లైరి. నాతాలి వృత్తిచే ఉపాధ్యాయిని. అయినను రోము నగరమున నొక స్త్రీ మేయరగుటకు 2016 వరకును, ఫ్లారెన్సున 2024 వరకును వేచియుండవలసి వచ్చెను. చట్టము తలుపు తెఱచినంత మాత్రమున లోపలికి పోవువారికి పీట వేయబడదు. కావుననే 2012లో మఱియొక చట్టము చేసి, అయిదువేలకు పైబడిన జనసంఖ్యగల యూళ్లలో ఓటరు ఇద్దఱు సభ్యులకు ప్రాధాన్య మిచ్చునెడల ఆ యిద్దఱిలో ఒకరు పురుషుడు, ఒకరు స్త్రీ కావలెనని నియమించిరి.

1946 మొదలు 1993 వరకు ప్రజలు సభ్యులను, సభ్యులు మేయరును ఎన్నుకొనిరి. ఆ పద్ధతిలో మంచివారు రాలేదని యనజాలము. 1951లో ఫ్లారెన్సు మేయరైన జోర్జో లా పీరా రోమను న్యాయశాస్త్రాచార్యుడు. సన్యాసుల మఠములోని చిన్నగదిలో నివసించినవాడు. ఇండ్లు లేని పేదలకై ఖాళీగానున్న భవనములను స్వాధీనపఱచుకొనెను. 1953లో పిన్యోనె కర్మాగారము మూతపడబోవ పనివారి పక్షమున నిలిచెను. బొలోన్యాలో జుసెప్పె దోజ్జా 1945 నుండి 1966 వరకు ఎడతెగక మేయరుగా నుండెను. ఒకడు కతోలిక భక్తుడు, మఱియొకడు కమ్యూనిస్టు. ఇరువురును ఊరివారి మన్ననల నందిరి. కాని పెక్కు నగరములలో స్థితి వేఱు. పక్షముల నాయకులు తలుపులు మూసికొని పదవులు పంచుకొనుటయు, ఏడాది తిరుగకముందే మేయరు మాఱుటయు, ప్రజలకు అతని పేరైన తెలియకుండుటయు పరిపాటి యయ్యెను. 1992లో మిలానున లంచముల వ్యవహారము బయటపడి దేశమంతయు అట్టుడికిన పిదప, 1993 మార్చి 25న 81వ సంఖ్యగల చట్టము వచ్చి మేయరు ఎన్నికను నేరుగా ప్రజల చేత పెట్టెను.

ఆ చట్టము, దానికి తరువాత జరిగిన మార్పులతో, ఎట్లు పనిచేయునో సంగ్రహముగా చెప్పెదను. పదునైదువేలకు మించిన జనముగల పట్టణములలో ఒక్కొక్క మేయరు అభ్యర్థికి ఒకటిగాని అనేకముగాని సభ్యుల జాబితాలు తోడుగా నుండును. ఓటరు చెఱపరాని పెన్సిలుతో గుర్తు పెట్టును; ఇష్టమైనచో ఒక పక్షపు మేయరునకును వేఱొక పక్షపు జాబితాకును ఓటు పంచి యీయవచ్చును. మేయరు అభ్యర్థికి సరియైన ఓట్లలో సగమునకు మించి వచ్చినచో గెలుపు. లేనిచో రెండవ విడత. గెలిచిన మేయరు పక్షమునకు, కొన్ని షరతులకు లోబడి, సభలో నూటికి 60 స్థానములు దక్కును. చిన్న యూళ్లలో ఒకే విడత. ఎక్కువ ఓట్లు వచ్చినవారిదే గెలుపు. పదవీకాలము అయిదేండ్లు. పెద్ద పట్టణములలో వరుసగా రెండుమార్లకు మించి మేయరుగా నుండరాదు. ఐరోపా సమాఖ్యలోని ఇతర దేశముల పౌరులు ఆ యూర నివసించుచున్నచో వారును ఓటు వేయవచ్చును, సభ్యులును కావచ్చును. మేయరు మాత్రము కాజాలరు. మన దేశమునుండి పోయి ఉత్తర ఇటలీ పశుశాలలలో పాటుపడు భారతీయులకు మాత్రము, ఇటలీ పౌరసత్వము పొందినగాని ఈ హక్కు లేదు.

ఈ పద్ధతివలన కలిగిన మొదటి మేలు, పక్షముల పటాలములో పెరుగనివారికిని త్రోవ దొరకుట. 1993లో వెనీసు ప్రజలు మాస్సిమో కచ్చారి యను తత్త్వశాస్త్రాచార్యుని ఎన్నుకొనిరి. 1999లో బొలోన్యాలో, యుద్ధము ముగిసినది మొదలు వామపక్షము చేయి విడువని ఆ నగరములో, వృత్తిచే మాంసవిక్రయము చేసిన జోర్జో గ్వాజ్జలోకా గెలిచి లోకమును ఆశ్చర్యపఱచెను. 2022లో వెరోనా మేయరైన దామియానో తొమ్మాజి ఒకప్పటి పేరొందిన పుట్‌బాలు ఆటగాడు. 2025లో జెనోవా మేయరైన సిల్వియా సాలిస్ సుత్తివిసరు క్రీడలో తన దేశమునకు ప్రాతినిధ్యము వహించిన స్త్రీ. ప్రసిద్ధియే యోగ్యత యని నేననను. బంతి తన్నుటకును బడ్జెటు వ్రాయుటకును సంబంధము లేదు. కాని ఏయే వృత్తులవారికి ఊరి పెద్దరికము అందుబాటులో నున్నదో, ఆ యూరు ఆ వృత్తులవారిది కూడ నగును.

రెండవ మేలు మఱింత ముఖ్యము. కొళాయి రానిచో ఎవరి నడుగవలెనో ప్రజలకు తెలిసినది. పూర్వము ప్రతి పక్షమును మఱియొక పక్షముపై నెపము వేసెడిది. ఇప్పుడు మేయరే తన మంత్రులవంటి సహాయకులను నియమించును, తొలగించును. పని జరిగినచో అతని కీర్తి, జరుగనిచో అతని యపకీర్తి. అయిదేండ్లకు ప్రజలు లెక్క తేల్తురు. 2016లో రోమున నూటికి 67 ఓట్లతో గెలిచిన వర్జీనియా రాజ్జి, 2021లో రెండవ విడతకైన చేరలేకపోవుట దీనికి తార్కాణము.

ఇక రెండవ ఓటు మాట. దీనిని తగ్గింపగోరువారి వాదములు మూడు. మొదటిది: రెండవ విడతకు ప్రజలు తక్కువగా వత్తురు. ఇది నిజమే. 2021 అక్టోబరు ఎన్నికలలో మొదటి విడతకు దేశమున నూటికి సుమారు 55 మంది రాగా, రెండవ విడతకు వచ్చినవారు 44 మంది మాత్రమే. రెండవది: మొదటి విడతలో ముందున్నవానికి వచ్చిన ఓట్లకంటె తక్కువ ఓట్లతో మఱియొకడు రెండవ విడతలో గెలువవచ్చును, అట్టి సందర్భములును కలవు. మూడవది: వ్యయము, కాలహరణము. ఈ వాదములు బొత్తిగా తీసిపాఱవేయదగినవి కావు. అయినను ఇవి తూకమున నిలుచునవి కావని నా నమ్మకము.

ట్యురిను నగరపు కథ చూడుడు. 2016లో మొదటి విడతలో అప్పటి మేయరు పియెరో ఫాస్సీనోకు నూటికి 41.8 ఓట్లు వచ్చెను. ముప్పదియొకటవ యేట నున్న కియారా అప్పెందీనోకు 30.9 వచ్చెను. రెండు వారముల పిదప అప్పెందీనో నూటికి 54.6 ఓట్లతో గెలిచెను. నలుబది చాలునను నియమమే యుండినచో ఫాస్సీనో మొదటినాడే మేయరు. ఈ మార్పువలన ట్యురినునకు మేలు కలిగినదా, కీడు కలిగినదా యని తేల్చుట ఆ యూరివారి పని. ఫాస్సీనో అయోగ్యుడని నేను చెప్పుటలేదు. నేను చెప్పునది ఇంతే: నూటికి 58 మంది వేఱొకరిని కోరినప్పుడు, ఆ 58 మందిని "మీ యిష్టమేమి?" అని మఱియొకమాఱు అడుగుట న్యాయము. అదే నగరమున 1993లో మాజీ మేయరు దియేగో నొవెల్లి మొదటి విడతలో చాల ముందుండగా, నూటికి ఇరువది చిల్లర ఓట్లతో రెండవవాడైన వలెంతీనో కస్తెల్లాని యను ఆచార్యుడు రెండవ విడతలో గెలిచెను. పార్మాలో 2012న ఫెదెరీకో పిజ్జరొత్తి ఇరువదికి లోపు ఓట్లతో రెండవ విడతకు చేరి, అందు అఱువదికి పైగా పొందెను. మొదటి విడతలో మనుష్యుడు తనకు ప్రియమైనవానికి ఓటు వేయును. రెండవ విడతలో తనకు సహింపదగినవానికి వేయును. ఊరినంతను పాలింపవలసినవానికి ఈ రెండవ పరీక్షయే నిజమైన పరీక్ష.

ఇంతకంటె బలమైన కారణ మొకటి కలదు. గెలిచిన పక్షమునకు సభలో నూటికి 60 స్థానములు చట్టమే సమకూర్చుచున్నదని పైన చెప్పితిని. సగమునకు మించిన ప్రజలు కోరిన మేయరునకు పని నడుచుటకై ఈ యధికబలము నిచ్చిరి. నలుబదికే గెలుపు నిచ్చినచో, ఆ బలమునకు ఆధారమేమి? అయిదింట రెండు పాళ్లవారు అయిదింట మూడు పాళ్ల స్థానముల నాక్రమింతురు. అయిదింట మూడు పాళ్లవారు అయిదింట రెండు స్థానములతో సరిపెట్టుకొందురు. లెక్కల తరగతిలో ఇట్టి భిన్నము వ్రాసిన పిల్లవానికి మనము మార్కు లీయము.

చిన్న యూళ్లలో రెండవ విడత లేదు గదా, అచ్చట చెల్లినది ఇచ్చట చెల్లదా యని యడుగవచ్చును. ఇటలీ పురపాలక సంఘములలో పదింట ఏడు అయిదువేల జనమునకు లోబడినవే. అట్టి యూళ్లలో అభ్యర్థి యెవరో, వాని తండ్రి యెవరో, వాడు అప్పు తీర్చునా తీర్చడా అన్నది అందఱికిని తెలియును. మేయరు సంతలో ఎదురుపడును. గుడి మెట్లమీద నిలదీయవచ్చును. మూడు లక్షల నగరములో ఆ సౌకర్యము లేదు. పరిచయమువలన కలుగవలసిన నమ్మకమును అచ్చట రెండవ ఓటు కొంతవఱకు భర్తీ చేయుచున్నది.

నలుబది పాళ్ల నియమము కేవలము ఊహకాదు. స్వంత శాసనాధికారముగల సిసిలీ దీవిలో 2016 నుండి అదియే అమలునందున్నది. దాని ఫలితమును పలెర్మో నగరమున చూడవచ్చును. 2022 జూను 12న జరిగిన ఎన్నికలో రోబెర్తో లగల్లా నూటికి 47.6 ఓట్లతో ఒకే విడతలో మేయరయ్యెను. ఓటు వేయ వచ్చినవారు నూటికి 42 మందికి మించలేదు. అనగా ఓటర్ల పట్టికలో నున్నవారిలో అతనికి ఓటు వేసినవారు అయిదుగురిలో ఒక్కరు. రెండవ విడతను తీసివేసినచో ప్రజలు ఉత్సాహముతో మొదటి విడతకు వత్తురను ఆశ అచ్చట నెఱవేఱలేదు. రెండవ విడతయున్న చోట్ల మాత్రము ప్రజలు గుంపులుగా వచ్చుచున్నారా యనిన, అదియును లేదు. 2021లో రోము రెండవ విడతకు వచ్చినవారు నూటికి 41 మంది కంటె తక్కువ. అందు రోబెర్తో గ్వాల్తియేరికి అఱువది పాళ్లు వచ్చెను. పట్టికలోని వారిలో నాలుగింట ఒక పాలన్నమాట. కాబట్టి రోగము విడతలలో లేదు. ఇంటి గడప దాటని ఓటరులో నున్నది.

ఆ గడప దాటకుండుటకు ఒక హేతువు నాకు తోచుచున్నది. అది సభ యొక్క బలహీనత. 1993 చట్టము మేయరును, సభను ఒకే త్రాటికి కట్టెను. మేయరు రాజీనామా చేసినను, సభ అతనిపై అవిశ్వాసము తెలిపినను, సభయు రద్దగును. కావున మేయరును దింపదలచిన సభ్యుడు తన స్థానమునుగూడ పోగొట్టుకొనవలెను. స్థిరత్వమునకై చేసిన ఈ యేర్పాటువలన సభ్యులు క్రమముగా మూగవారైరి. 2015లో రోమున జరిగినది చూడుడు. ఇన్యాత్సియో మరీనో యను మేయరు రాజీనామా నిచ్చి, గడువులోపల దానిని ఉపసంహరించుకొనెను. మఱునాడు, అక్టోబరు 30న, 48 మంది సభ్యులలో 26 మంది ఒక నోటరీ యెదుట రాజీనామాలు వ్రాసి సభను కూల్చిరి. ప్రజలు నేరుగా ఎన్నుకొన్న మేయరును దింపుటకు కారణము లేమో సభాగృహమున నిలిచి చెప్పి, అతని సమాధానము వినుట వారి ధర్మము. ఆ పని దస్తావేజులు వ్రాయు చోట జరిగెను. తరువాత కొన్ని నెలలు ప్రభుత్వము పంపిన కమిషనరు ఆ మహానగరమును పాలించెను. ఎవరి పక్షము న్యాయమైనను, చర్చ లేని తీర్పు ప్రజలకు విద్య నీయదు. సభకు ప్రశ్నించు శక్తియు, లెక్కలు తనిఖీచేయు సాధనములును పెంచుట, రెండవ ఓటును తీయుటకంటె నూఱురెట్లు అవసరమైన సంస్కారము.

ఓటరు రానిచో కలుగు నష్టము ఊరక లెక్కల నష్టము గాదు. నిజాయితీపరులు ఇంట నున్నకొలది, స్వార్థముతో నొక్కటిగా వచ్చు చిన్నగుంపునకు విలువ పెరుగును. దక్షిణ ఇటలీలో దొంగముఠాలు పురపాలక సంఘములలో చొరబడుటచే, అట్టి సభలను రద్దుచేయుటకు 1991లో ప్రత్యేక శాసనము చేయవలసివచ్చెను. దాని ప్రకారము 2012లో రెజ్జో కలాబ్రియా వంటి ముఖ్యపట్టణపు సభయే రద్దయ్యెను. సాలెర్నో సీమలోని పొల్లీకా మేయరు ఆంజెలో వస్సాల్లో చేపలు పట్టు వృత్తినుండి వచ్చినవాడు. తన తీరమును, సముద్రమును కాపాడుటకై పాటుపడినవాడు. 2010 సెప్టెంబరు 5 రాత్రి ఇంటికి పోవుచుండగా అతనిని కాల్చి చంపిరి. మేయరు పదవి కొందఱికి ప్రాణముల ఖరీదైనదని తెలిసిన పిమ్మట, దానికై ఒక ఆదివారము అరగంట వెచ్చింప లేమనుట న్యాయమా?

మన పాఠశాలలకు ఈ విషయమున నొక సంబంధము కలదు. ఇటలీలోను ఓటు వేయునది పాఠశాలల గదులలోనే. ఎన్నికల దినములలో పిల్లలకు సెలవు. పలెర్మోలో ఆ 2022 జూను నాడు కేంద్రములకు అధ్యక్షులుగా నియమింపబడినవారు అనేకులు రాకపోవుటచే పలు గదులు సకాలమున తెఱువబడలేదు. ఓటు వేయ వచ్చినవారు మూసిన తలుపులు చూచి మరలిరి. మన జిల్లాలలో ఎన్నికల విధులకు పోవు ఉపాధ్యాయులము దీనిని మనస్సున నుంచుకొనవలెను. పెట్టె సకాలమున తెఱచుట, పట్టికలో పేరు ఓపికతో వెదకుట, ముసలమ్మకు కుర్చీ వేయుట చిన్న పనులు. ఎన్నిక యొక్క పరువు వానిమీదనే నిలిచియున్నది.

మన నగరములను చూచినను గర్వింపదగినది తక్కువ. 2020 డిసెంబరు 1న హైదరాబాదు మహానగర పాలక సంస్థకు జరిగిన ఎన్నికలలో ఓటు వేసినవారు నూటికి 47 మందికి లోపే. మేయరును అప్పుడు ప్రజలు నేరుగా ఎన్నుకొనలేదు, సభయే ఎన్నుకొనెను. రోమున నేరుగా ఎన్నుకొనుచున్నారు. పద్ధతులు వేఱు, ఖాళీ గదులు మాత్రము ఒకటే. నేరుగా ఎన్నుకొనుటయే సర్వరోగ నివారిణి యని మనలో ననువారు ఈ పోలికను గమనింతురు గాక. నేరు ఎన్నికవలన జవాబుదారీతనము స్పష్టమగునని పైన ఒప్పుకొంటిని. ప్రజల యందు శ్రద్ధను మాత్రము అది పుట్టింపజాలదు. శ్రద్ధ పుట్టవలసినది ఇంటిలో, బడిలో.

కావున తలిదండ్రులకు నా మనవి: ఓటు వేయబోవునపుడు పిల్లలకు చెప్పి పొండు; ఎవరికి వేసితిరో చెప్పనక్కఱలేదు, ఏల వేయుచున్నారో చెప్పుడు. విద్యార్థులకు నా మాట: మీ వార్డు సభ్యుని పేరు తెలిసికొనుడు. మీ వీధి కాలువ పూడిక ఎవరు తీయవలెనో కనుగొని, ఒక్క యర్జీ స్వహస్తమున వ్రాసి చూడుడు. తరగతి నాయకుని ఎన్నుకొనునపుడు, ముగ్గురు పోటీపడి ఎవరికిని సగము రానిచో, మొదటి యిద్దఱి నడుమ మఱల ఓటు పెట్టుమని గురువు నడుగుడు. ఓడినవాని స్నేహితులు ఆ రెండవమారు ఎట్లు ఆలోచింతురో, గెలువగోరువాడు వారితో ఎంత మర్యాదగా మాటాడునో మీరే చూతురు. ట్యురిను, పార్మా నగరముల ప్రజలు నేర్చినది ఆ మర్యాదయే. దానిని కొంత వ్యయమునకు, రెండు వారముల కాలమునకు వెఱచి వదలుకొనుట ఇటలీవారికి తగదు. నేర్చుకొనకుండుట మనకును తగదు.